చంటిబిడ్డ క్రిబ్: ఎలా బిగించాలి, ఏం వేయాలి, బిడ్డను ఎలా పడుకోబెట్టాలి

ఇంట్లో పసిబిడ్డను వదిలి కాసేపు పక్క గదిలోకి వెళ్లగలిగే చోటు ఒక్క క్రిబ్బే, అంటే చుట్టూ కడ్డీల గోడ ఉన్న పసిబిడ్డ మంచం. ఒళ్లో ఉన్నా, నేల మీద ఆడుకుంటున్నా ఎవరో ఒకరి కన్ను బిడ్డ మీద ఉంటుంది. క్రిబ్‌లో మాత్రం గంటల తరబడి ఎవరూ చూడరు. చూడాల్సినవాళ్లూ నిద్రలోనే ఉంటారు. కాబట్టి క్రిబ్‌నీ, అందులో వేసే ప్రతి వస్తువునీ ఒకే లెక్కతో చూడండి: రాత్రి రెండింటికి, ఎవరూ మెలకువగా లేనప్పుడు, ఇది బిడ్డ ముఖం మీదికి వస్తే ఏమవుతుంది?

ఈ జాగ్రత్తలు పుట్టిన రోజు నుంచి ఏడాది నిండేవరకూ అవసరం. మొదటి ఆరు నెలల్లో ఒక్కటి కూడా సడలించొద్దు. నిద్రలో కారణం అంతుపట్టకుండా శిశువులు చనిపోవడాన్ని సిడ్స్ అంటారు. అలాంటి మరణాల్లో చాలా భాగం ఆరు నెలల లోపే జరుగుతాయి, అందులోనూ రెండో నెల నుంచి నాలుగో నెల దాకా ప్రమాదం ఎక్కువ.

మొదటి పని: టేపు పట్టుకుని కొలవండి

కడ్డీల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు. అమెరికా ప్రమాణం ఇదే, యూరప్‌లో 4.5 నుంచి 6.5 దాకా ఒప్పుకుంటారు. సందు ఎక్కువైతే బిడ్డ కాళ్లు, నడుము, ఛాతీ అన్నీ జారిపోతాయి, తల ఒక్కటే దూరదు. ఒళ్లు బయట వేలాడుతూ మెడ దగ్గర ఇరుక్కోవడమే అసలు ప్రమాదం. టేపు లేకపోతే మామూలు కూల్‌డ్రింక్ డబ్బాను నిలువుగా పెట్టి కడ్డీల మధ్య తోయండి. అది అవతలికి వెళ్లిపోతే ఆ క్రిబ్ వద్దు. ఒక్క సందు చూసి ఊరుకోకండి, ప్రతి సందునూ చూడండి. కడ్డీ వదులై పక్కకి జరిగినా సందు పెరుగుతుంది.

తర్వాత మూలల్లోని స్తంభాలు. అవి పక్కగోడ కంటే పైకి పొడుచుకుని ఉంటే బిడ్డ చొక్కా మెడ వాటికి తగులుకుంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి పైకి ఉండకూడదన్నది నియమం, అంటే చేత్తో తడిమితే దాదాపు సమంగా తగలాలి. తలవైపు పలకలో అలంకారం కోసం తొలిచిన కన్నాలు ఉన్నా వద్దు.

ఎవరో వాడి ఇచ్చిన క్రిబ్ అయితే ఇంకొంచెం అనుమానంగా చూడాలి. పదేళ్లు దాటినదాన్ని తీసుకోకపోవడమే మేలు. పక్కగోడ కిందికి జారే రకాన్ని అసలే తీసుకోవద్దు. వాడగా వాడగా దాని గడియలు అరిగి, గోడ ఒక మూలన ఊడి, పరుపుకూ గోడకూ మధ్య సందు ఏర్పడుతుంది. బిడ్డ అందులోకి జారి ఇరుక్కుంటుంది. అమెరికాలో 2011 జూన్ నుంచి ఈ రకం తయారీనీ అమ్మకాన్నీ నిషేధించారు. అయినా చేతులు మారుతూ పాతవి ఇప్పటికీ ఇళ్లలో ఉన్నాయి. పెచ్చులు లేస్తున్న పాత రంగులో సీసం ఉండొచ్చు. పళ్లు వచ్చే వయసులో బిడ్డ కొరికేది సరిగ్గా పక్కగోడ పైకమ్మీనే.

బిగించేటప్పుడు:

1. కూడా వచ్చిన కాగితంలోని జాబితా ప్రకారం బోల్టులు, మరలు అన్నీ లెక్కపెట్టుకోండి. ఒక్కటి తక్కువైనా తయారీదారు నుంచే తెప్పించండి. దొరికిన బోల్టు వేయడం, తీగతో కట్టడం, టేపు చుట్టడం వద్దు. పొడవు తేడా ఉన్న బోల్టు బిగిసినట్టే ఉంటుంది, బిడ్డ ఊపేసరికి వదులవుతుంది.
2. అన్ని బోల్టులనూ ముందు వదులుగా ఎక్కించి, చట్రం మూలలు తిన్నగా కుదిరాక ఒక్కొక్కటీ బిగించండి. మొదటిదాన్నే పూర్తిగా బిగిస్తే చివరిది కన్నంలో కూర్చోదు.
3. చెక్కలోకి దిగే మరను అతిగా బిగించొద్దు. చెక్కలో పడిన మర గాడి అరిగిపోతే అది ఇక పట్టదు.
4. పైకమ్మీ పట్టుకుని నాలుగు వైపులా గట్టిగా ఊపండి. కిర్రుమన్నా, కదిలినా ఎక్కడో వదులుంది.
5. వారం తర్వాత మళ్లీ బిగించండి, ఆ తర్వాత నెలకోసారి చాలు. పరుపు ఎత్తు మార్చిన ప్రతిసారీ మాత్రం తప్పనిసరి.

పరుపు: గట్టిగా ఉంటేనే మంచిది

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పెద్దవాళ్లు చేత్తో నొక్కి చూసి, "అయ్యో, రాయిలా ఉంది" అని పైన ఒక బొంత వేస్తారు. ఆ బొంతే ప్రమాదం. మెత్తటి పరుపులో తల దిగిన చోట గుంట పడుతుంది. బిడ్డ ముఖం అటు తిరిగితే వదిలిన గాలి ఆ గుంటలోనే నిలిచి, దాన్నే మళ్లీ పీలుస్తుంది. బొగ్గుపులుసు వాయువు పెరిగి ఆక్సిజన్ తగ్గుతుంది. పెద్దవాళ్లయితే ఆ స్థితిలో ఉలిక్కిపడి లేస్తారు. రెండు మూడు నెలల బిడ్డకు అలా మేలుకునే శక్తి ఇంకా పూర్తిగా రాదు, తల తిప్పుకునేంత మెడబలమూ ఉండదు.

పరీక్ష తేలిక. పరుపు నడిమధ్యలో, అంచుల్లో అరచేత్తో గట్టిగా నొక్కి తీయండి. చేయి తీయగానే గుంట మాయమవ్వాలి. చేతి ఆకారం కాసేపైనా నిలిచి ఉంటే అది చంటిబిడ్డకు పనికిరాదు. ఒంటి ఆకారానికి అణిగే మెమరీ ఫోమ్ పరుపు పెద్దలకు సుఖమిచ్చేది సరిగ్గా ఇలా గుంట నిలవడం వల్లే, కాబట్టి ఇక్కడ వద్దు. మందం 15 సెంటీమీటర్లు దాటకూడదు. పరుపు పెరిగినకొద్దీ పక్కగోడ ఎత్తు తగ్గినట్టే.

పరుపు క్రిబ్‌కు సరిపోయిందో లేదో చూడాలంటే దాన్ని ఒక మూలకు పూర్తిగా నెట్టండి. అప్పుడు సందంతా అవతలి వైపుకు చేరుతుంది. ఆ సందులో రెండు వేళ్లకు మించి పట్టకూడదు. సందును మడతపెట్టిన దుప్పటితోనో తువ్వాలుతోనో పూడ్చకండి, అవి ఊడి బయటికొస్తాయి. కొలత సరిపోయే పరుపు తెచ్చుకోవడం ఒక్కటే దారి. కొత్త పరుపు మీది ప్లాస్టిక్ కవరు పూర్తిగా తీసేసి, వాసన పోయేదాకా గాలికి ఉంచాకే వాడండి.

పైన ఒకే ఒక్క ఫిట్టెడ్ షీటు (అంచుల్లో ఎలాస్టిక్ ఉండి పరుపుకు బిగుసుకునేది) వేయండి. దాని మూలలు పరుపు కిందికి బాగా మడిచి ఉండాలి. నడుమ పట్టుకుని పైకి లాగితే మూల ఊడి వస్తోందంటే అది చాలదు. మొదట సరిగ్గా సరిపోయిన షీటు నాలుగు ఉతుకులకు కుంచించుకుపోవచ్చు, కాబట్టి వేసిన ప్రతిసారీ ఒకసారి లాగి చూడండి. తడి దిగకుండా పలుచటి కవరు షీటు కింద వేయవచ్చు, అది కూడా పరుపుకు అంటుకుని బిగుతుగా ఉండాలి.

జలుబు చేసిందనో పాలు కక్కుతోందనో తలవైపు పరుపు కింద పుస్తకాలు పెట్టి ఎత్తు చేస్తుంటారు. దానివల్ల పాలు కక్కడం తగ్గదు. బిడ్డ నెమ్మదిగా కిందికి జారి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. ఇంకా గట్టిపడని శ్వాసనాళం అక్కడ వంగి మూసుకుపోతుంది. అమెరికా 2022లో చేసిన చట్టం 10 డిగ్రీలకు మించి వాలు ఉండే శిశు పడకలను నిషేధించింది. అదే చట్టం క్రిబ్ లోపల చుట్టూ కట్టే మెత్తలను కూడా అమ్మకుండా ఆపింది.

ఖాళీ క్రిబ్

పరుపు, షీటు, బిడ్డ. అంతే. దిండు, దుప్పటి, బొమ్మ, చుట్టూ కట్టే బంపర్ మెత్తలు, బిడ్డను కదలకుండా పట్టే స్పాంజి గట్లు, తల గుండ్రంగా రావడానికని అమ్మే దిండ్లు, లోపల బరువు నింపిన సంచులు: ఏవీ వద్దు. ఫొటోల్లో కనిపించే కుచ్చుల క్రిబ్‌తో పోలిస్తే ఇది బోసిగా ఉంటుంది, నిజమే. అలంకారం గోడకు చేసుకోండి.

బంపర్ల గురించి ఒక మాట, ఎందుకంటే వాటిని తీయడానికి అందరూ జంకుతారు. కడ్డీకి తల తగిలి దెబ్బ తగులుతుందని భయం. దొర్లే బిడ్డ తల కడ్డీకి తగిలితే ఏడుస్తుంది, మహా అయితే కాస్త ఎర్రబడుతుంది. బంపర్‌కు ముఖం ఆనితే ఊపిరాడదు, దాని తాడు మెడకు చుట్టుకోవచ్చు, నిలబడే వయసు వచ్చాక అదే మెట్టుగా మారి బిడ్డ బయటికి పడుతుంది. కాలు కడ్డీల మధ్య ఇరుక్కుంటోందన్నదే బాధైతే, కాళ్లు సంచిలో ఉండేలా కుట్టిన స్లీప్ సాక్ వేయండి, అది చాలావరకూ ఆగుతుంది.

క్రిబ్‌ను ఎక్కడ పెట్టాలి

కనీసం మొదటి ఆరు నెలలు మీ గదిలోనే, మీ మంచానికి పక్కనే, కానీ వేరే పడకగా. కిటికీ పక్కన వద్దు. కర్టెన్ తాడు, బ్లైండ్ల తాడు, బేబీ మానిటర్ వైరు బిడ్డ చేతికి అందేలా ఉండకూడదు. కనీసం 90 సెంటీమీటర్లు దూరం పెట్టండి. ఈ రోజు అందనిది రెండు నెలలకు అందుతుంది. నెత్తిన ఫ్రేములు, అరలు, గడియారాలు లేకుండా చూడండి. హీటరు, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఫ్యాను తిరుగుతుండటం మంచిదే, గాలి నిలవ ఉండదు. గదిలో ఎవరూ పొగతాగకూడదు, బిడ్డ లేనప్పుడు కూడా.

దోమతెర వేయాల్సి వస్తే క్రిబ్ బయట నుంచి చట్రం మీద బిగుతుగా లాగి కట్టండి. పైనుంచి వదులుగా వేలాడే తెర లోపలికి పడితే తలకు చుట్టుకుంటుంది. బిడ్డ చేత్తో పట్టి లాగే వయసు వచ్చాక అలాంటి తెర తీసేయాలి.

పడుకోబెట్టడం: ప్రతి నిద్రా వెల్లకిలానే

రాత్రి నిద్రకైనా పగటి కునుకుకైనా వెల్లకిలానే. పక్కకు తిప్పి పడుకోబెట్టడమూ సరికాదు, అక్కడినుంచి బోర్లా పడటం చాలా తేలిక. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో బోర్లా పడుకోబెట్టొద్దని చెప్పింది, 1994లో దేశవ్యాప్తంగా ప్రచారం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ సిడ్స్ మరణాలు సగానికి పైగా తగ్గాయి.

వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని పెద్దవాళ్లు భయపడతారు. శరీర నిర్మాణం చూస్తే విషయం తిరగబడుతుంది. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. వెనక్కి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి వెళ్లాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉంటే ఆహారనాళం పైకి వస్తుంది, పాలు నేరుగా శ్వాసనాళం ముందే నిలుస్తాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకూ, తరచూ పాలు కక్కేవాళ్లకూ ఇదే పద్ధతి. డాక్టర్ ప్రత్యేకంగా వేరే చెబితే తప్ప మార్చకండి.

వరుస ఇది:

1. పాలు తాగాక భుజం మీద వేసుకుని, త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. డైపర్ చూడండి.
2. మెడకు కట్టిన బిబ్, తలమీది టోపీ, మెడలోని గొలుసు, దారం, చొక్కాకు వేలాడే తాళ్లు తీసేయండి.
3. బిడ్డను మీ ఒంటికి ఆనించుకునే క్రిబ్ మీదికి వంగండి. ముందు పిరుదులు, తర్వాత వీపు, ఆఖరున తల ఆననివ్వండి. తల ముందుగా దిగితే పడిపోతున్నట్టు అనిపించి, చేతులు చాచి ఉలిక్కిపడి ఏడుస్తారు. నిద్రపుచ్చిన అరగంట శ్రమా పోయేది చాలాసార్లు ఇందుకే. ఈ ఉలికిపాటు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తగ్గిపోతుంది.
4. తల కింది చేయి నెమ్మదిగా తీసి, అరచేయి ఛాతీ మీద కాసేపు ఉంచండి, బరువు వేయకుండా.
5. ముఖం చుట్టూ ఏమీ లేదని చూసుకుని వెళ్లండి.

బిడ్డను చూసుకునే ప్రతివారికీ ఈ నియమం చెప్పండి: అమ్మమ్మ, తాతయ్య, ఆయా, పగటిపూట చూసుకునే కేంద్రం. రోజూ వెల్లకిలా పడుకునే బిడ్డను ఎవరో ఒక్కసారి బోర్లా పడుకోబెడితే, అలవాటు లేని ఆ భంగిమలో ముప్పు మరీ ఎక్కువ.

వెల్లకిలా నుంచి బోర్లాకూ, బోర్లా నుంచి వెల్లకిలాకూ తనంతట తాను దొర్లగలిగాక మాత్రం రాత్రంతా లేచి తిప్పుతూ కూర్చోనక్కర్లేదు. వెల్లకిలా పడుకోబెట్టండి, తర్వాత తనకు నచ్చినట్టు ఉండనివ్వండి. క్రిబ్ ఖాళీగా ఉండాల్సింది ముఖ్యంగా ఈ దశలోనే.

పాసిఫయర్ (పాలు లేకుండా చప్పరించే పీక) నిద్రవేళ ఇవ్వవచ్చు, సిడ్స్ ముప్పు తగ్గడానికి అది తోడ్పడుతుంది. తల్లిపాలు తాగే బిడ్డకైతే పాలు తాగడం బాగా కుదిరాక మొదలుపెట్టండి. నిద్రలో ఊడిపోతే మళ్లీ నోట్లో పెట్టక్కర్లేదు. దానికి తాడుగానీ గొలుసుగానీ, బొమ్మగానీ కట్టి ఉండకూడదు.

బట్టలు, వేడి

అతిగా వెచ్చగా ఉండటం కూడా సిడ్స్ ముప్పును పెంచుతుంది. ఆ గదిలో మీరు వేసుకున్నదాని కంటే ఒక్క పొర మాత్రమే ఎక్కువ వేయండి, ఉక్కగా ఉంటే అదీ వద్దు. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని బట్టలు పెంచేస్తుంటారు. పసిబిడ్డలకు అవి చల్లగా ఉండటం మామూలే. మెడ వెనక, ఛాతీ మీద చేయి పెట్టి చూడండి. అక్కడ చెమట పట్టినా, ఒళ్లు కాలుతున్నట్టున్నా, బుగ్గలు కందినా ఒక పొర తీసేయండి. ఇంట్లో పడుకునేటప్పుడు తలకు టోపీ వద్దు. పసిబిడ్డ ఒంటి వేడి ఎక్కువగా బయటికి పోయేది తల నుంచే. బట్ట తీశాక కూడా ఒళ్లు వేడిగానే ఉంటే థర్మామీటర్ పెట్టండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి జ్వరం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి.

దుప్పటికి బదులు స్లీప్ సాక్ వాడండి. దాని మీద అది ఎంత వెచ్చగా ఉంచుతుందో చెప్పే టాగ్ అనే అంకె ఉంటుంది. గది 24 డిగ్రీలు దాటితే 0.5, 20 నుంచి 24 మధ్య 1, 16 నుంచి 20 మధ్య 2.5 రకం సరిపోతుంది. మెడ కన్నంలోంచి తల కిందికి జారిపోయేంత వదులైతే ఆ సైజు ఇంకా పెద్దది. పెరుగుతాడులే అని పెద్దది కొనడం చొక్కాల వరకు బాగుంటుంది, దీనికి పనికిరాదు.

గుడ్డలో చుట్టడం తొలి వారాల్లో ఉలికిపాటును తగ్గిస్తుంది. ఛాతీ దగ్గర మీ రెండు మూడు వేళ్లు దూరేంత వదులుండాలి. నడుము కింద ఇంకా వదులుగా, మోకాళ్లు మడిచి బయటికి వాల్చుకునేలా చుట్టాలి. కాళ్లు నిటారుగా చాపి బిగించి కడితే తుంటి కీలు సరిగ్గా కుదురుకోదు. దొర్లే ప్రయత్నం కనిపించిన రోజే చుట్టడం ఆపేయండి, అది మూడు నాలుగు నెలలకే రావచ్చు. చేతులు కట్టేసి ఉన్న బిడ్డ బోర్లా పడితే తల ఎత్తుకోలేదు.

క్రిబ్ బయట నిద్రపోతే

కారు సీటులో, తోపుడు బండిలో, ఊగే కుర్చీలో నిద్ర పట్టేస్తుంది. ప్రయాణం అయ్యేదాకా కారు సీటులో ఉంచక తప్పదు, దిగగానే చదునైన పడక మీదికి మార్చండి. మిగతావాటిలో అయితే వెంటనే మార్చండి. వాటన్నిటిలోనూ గడ్డం ఛాతీకి వాలిపోయే ఇబ్బందే.

అన్నిటికంటే చెడ్డ చోటు సోఫా. రాత్రి పాలిస్తూ నిద్ర తూగుతుంటే సోఫాలో, వాలు కుర్చీలో కూర్చోకండి. బిడ్డ మీ ఒంటికీ సోఫా వీపుకూ మధ్య ఇరుక్కుపోతుంది. నిద్ర పట్టేలా ఉందనిపిస్తే దిండ్లు, దుప్పట్లు తీసేసిన మంచం మీద కూర్చుని పట్టడం అంతకంటే నయం. మెలకువ రాగానే బిడ్డను క్రిబ్‌లోకి మార్చండి.

తల వెనక చదునవడం

వెల్లకిలా పడుకోవడం వల్ల వచ్చే చిన్న ఇబ్బంది ఇది. దీనికి మందు దిండు కాదు. ఈ రాత్రి తల ఈ చివరన ఉంటే రేపు ఆ చివరన పెట్టండి. బిడ్డ వెలుతురు వైపో మీ వైపో చూస్తుంది కాబట్టి తల తిరిగే పక్క మారుతుంది. మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజుకు రెండు మూడుసార్లు మూడు నుంచి ఐదు నిమిషాలు బోర్లా ఉంచండి. ఏడు వారాలు వచ్చేసరికి రోజు మొత్తం మీద 15 నుంచి 30 నిమిషాలకు పెంచండి. మెడ, భుజాలు కూడా దీనితోనే బలపడతాయి. తల ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతూ, రెండో వైపుకు తిప్పితే ఏడుస్తుంటే మెడ కండరం పట్టేసి ఉండొచ్చు, డాక్టర్‌కు చూపించండి.

బిడ్డ పెరిగేకొద్దీ

నెలల పిల్లకు పరుపు పై మెట్టులో ఉంటే మీ నడుముకు సుఖం. కూర్చోవడం మొదలుకాకముందే ఒక మెట్టు దించండి, పట్టుకుని లేచి నిలబడకముందే అట్టడుగుకు దించండి. ఈ రెండు పనులూ ఒక వారం ముందే చేయాలి. మొదటిసారి నిలబడేది మీరు చూస్తుండగా కాదు.

పైన వేలాడే బొమ్మలను ఐదు నెలలకో, చేతులు మోకాళ్ల మీద లేవడం మొదలైనప్పుడో, ఏది ముందైతే అప్పుడు తీసేయండి. మొదట చిన్న తొట్టిలో పడుకోబెడుతుంటే, దొర్లడం లేదా చేతుల మీద లేవడం మొదలవగానే క్రిబ్‌కు మార్చాలి. తొట్టి మీద రాసిన బరువు పరిమితి అంతకు ముందే దాటితే అప్పుడే మార్చండి.

బిడ్డ పొడవు 89 సెంటీమీటర్లకు చేరినా, నిలబడితే పైకమ్మీ ఛాతీ మధ్యకంటే కిందికి వచ్చినా, కాలు పైకమ్మీ మీద వేసి ఎక్కబోయినా ఆ రోజుతో క్రిబ్ అయిపోయినట్టే. కమ్మీ మీద నుంచి తలకిందులుగా పడటం కంటే పరుపును నేల మీద వేసి పడుకోబెట్టడం మేలు. అప్పటినుంచి గది మొత్తాన్నీ క్రిబ్‌లాగే చూసుకోవాలి. బీరువా, సొరుగుల బల్ల గోడకు బిగించండి, ప్లగ్ పాయింట్లకు మూతలు పెట్టండి, కిటికీ కింద ఎక్కడానికి వీలయ్యేదేమీ ఉంచకండి, మెట్ల దగ్గర గేటు వేయండి.